కొత్త ముందు అద్దంలో వంకర, రాయి తగలకుండానే పగులు: తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా?

ప్రసాద్ గారూ, ముందుగా ఒక్క మాట. ఆ అద్దాన్ని ఇప్పుడప్పుడే ఊడదీయనివ్వకండి. సర్వీస్ సెంటర్ వాళ్ళు నింపి తెచ్చిన క్లెయిమ్ ఫారం మీద సంతకమూ పెట్టకండి. మిగతాదంతా నిదానంగా చెప్తాను.

మీ ప్రశ్న చదవని వాళ్ళ కోసం సంగతి ఇది: కారు నెల్లూరులో కొన్నారు, ఉండేది చెన్నై వేళచ్చేరిలో. ఓరగడం రోడ్డులో టిప్పర్ మీంచి ఎగిరిన కంకర రాయి తగిలి అసలు అద్దం పోతే ఇన్సూరెన్సులో కొత్తది వేయించారు. అప్పటి నుంచి ఎడమ పక్క చూస్తే గేటు ఊచలు వంకర్లు తిరుగుతున్నాయి, రాత్రి ఎదుటి దీపం ఒకటి రెండుగా కనబడుతోంది. వాన కురిస్తే ముందు సీటు కింద కార్పెట్ తడుస్తోంది. ఇవి చాలనట్టు ఇప్పుడు డ్రైవర్ వైపు కింది అంచు నుంచి జానెడు పగులు పాకింది. సర్వీస్ సెంటర్ మాట: "రాయి తగిలుంటుంది సార్, ఇంకో క్లెయిమ్ వేసేద్దాం."

నేను శ్రీపెరంబుదూర్ వైపు అద్దాల ఫ్యాక్టరీలో చాలాకాలం క్వాలిటీ విభాగంలో చేశాను. ఇప్పుడు తగాదాలో పడ్డ అద్దాలు చూసి చెప్పడమే పని. "రాయి తగిలుంటుంది" అన్న మాట నాకు కొత్త కాదు. అది అందరికీ సుఖమైన మాట. ఫ్యాక్టరీకి తలనొప్పి లేదు, బిగించినవాడికి మాట రాదు, డబ్బు ఇన్సూరెన్సు కంపెనీ ఇస్తుంది. ఇరుక్కునేది మీరొక్కరే. ఎందుకంటే క్లెయిమ్ ఫారంలో "రాయి తగిలింది" అని ఉండేది మీ సంతకం కింద. అది రాసిచ్చాక, రేపు "కాదు, అద్దంలోనే లోపం" అని వాదించడానికి మీకు నోరుండదు. పైగా తగలని రాయిని తగిలిందని రాసివ్వడం తప్పుడు క్లెయిమ్ అవుతుంది.

అద్దం పాడవడానికి కారణాలు మూడే: ఫ్యాక్టరీ, బిగింపు, రోడ్డు. మొదటి రెండింటికీ మీకు జవాబు చెప్పాల్సింది మీకు బిల్లు ఇచ్చిన వర్క్‌షాపు. మూడోదానికే ఇన్సూరెన్సు. ఆ మూడింట్లో ఏదన్నది అద్దం మీదే ఉంటుంది. ఊడదీసేటప్పుడు వైరుతో కోస్తారు, అంచులు చిట్లుతాయి, పగులు మొదలైన చోటు ఆనవాలు లేకుండా పోతుంది. తర్వాత ఎవరేం చెప్పినా చెల్లుతుంది.

పగులు సంగతి ముందు చూద్దాం, దాన్ని చదవడమే తేలిక. ముందు అద్దం ఒక్క అద్దం కాదు. సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు అద్దాల మధ్య 0.76 మిల్లీమీటర్ల పీవీబీ అనే పారదర్శక ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందుకే పగిలినా రాలిపోదు. మన సెంట్రల్ మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ముందు అద్దం ఇలా లామినేటెడ్‌గానే ఉండాలంటుంది. మీరు చేయాల్సిందల్లా పగులు ఏ పొరలో ఉందో చూడడం. పగలు వెలుతురులో బయట నుంచి గోటితో పగులుకు అడ్డంగా గీయండి, తర్వాత లోపల నుంచి గీయండి. గోరు ఎటు తట్టుకుంటే పగులు ఆ పొరది. లోపలి పొర మాత్రమే పగిలి, బయటి పొర నున్నగా ఉంటే రోడ్డు మీద రాయికి దాదాపు సంబంధం లేదు. లోపల ఫోన్ హోల్డరో మరొకటో గట్టిగా తగలలేదని మాత్రం చూసుకోండి.

బయటి పొరే పగిలితే, మొదలెక్కడో వెతకాలి. రాయి దెబ్బకు ఒక గుంట ఉంటుంది. చిన్నదైనా సరే, అక్కడ అద్దం నలిగి తెల్లటి పొడిలా కనిపిస్తుంది, చుట్టూ అర్ధచంద్రంలాంటి మచ్చో నక్షత్రంలా గీతలో ఉంటాయి. బాల్‌పెన్ మొనను పగులు వెంట పోనిస్తే గుంటలో దిగబడుతుంది. అలాంటి గుంట ఎక్కడా లేకుండా, పగులు అంచు నుంచి దాదాపు నిట్టనిలువుగా లేచి, కొంతదూరం వెళ్ళాక వంకర తిరిగిందంటే అది ఒత్తిడి పగులు. మీది కింది అంచున మొదలైందంటున్నారు కాబట్టి ఆ మొదలు వైపర్ల కింది ప్లాస్టిక్ కవర్ చాటున ఉండొచ్చు. ఆ కవర్ తీయించండి, అద్దం కాదు. అంచున పెచ్చు లేచి ఉంటే బిగించేటప్పుడు పనిముట్టు తగిలిందనో, రవాణాలో దెబ్బ తిన్నదనో అనుకోవాలి. పెచ్చూ లేకపోతే ఫ్యాక్టరీలో వంచినప్పటి ఒత్తిడి, లేదా బాడీలో బలవంతంగా కూర్చోబెట్టిన ఒత్తిడి.

ఇక్కడ మిమ్మల్ని తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు: "ఎండలో పెట్టి ఏసీ ఫుల్‌గా పెట్టారా సార్?" పెడితే పెట్టారు. 1.4 మీటర్ల వెడల్పు అద్దం 40 డిగ్రీల తేడాకు సాగేది అర మిల్లీమీటరు. ఇప్పటికే పెచ్చు ఉన్న అద్దంలో చల్లగాలి తగిలి పగులు పాకుతుంది, ఆ మాట నిజమే. కానీ దెబ్బ తినని, సరిగ్గా కూర్చున్న అద్దం చెన్నై మే నెల ఎండకూ ఏసీకీ పగలకూడదు. అందుకు పగిలిందని వాళ్ళే ఒప్పుకుంటే అది వాళ్ళ అద్దం మీద వాళ్ళు చెప్పుకున్న సాక్ష్యం, రాతపూర్వకంగా ఇమ్మనండి.

ఇక వంకర చూపు. ఇందులో కొంత సహజం, కొంత లోపం. రెండూ కలిపి గొడవ పెడితే మీ మాట తేలిపోతుంది. అద్దం ఎంత ఏటవాలుగా ఉంటే చూపు అంత వంగుతుంది. అద్దం అంచు చుట్టూ ఉండే నల్ల పట్టీకి ఆనుకుని నాలుగు వేళ్ళ మేర గీతలు అలలు తేలినా ఎవరూ పట్టించుకోరు. అక్కడ నల్ల రంగు, మామూలు అద్దం కొలిమిలో వేర్వేరుగా వేడెక్కుతాయి కాబట్టి వంపు కొంచెం తేడా వస్తుంది. డ్రైవర్ కళ్ళ ఎదుటి భాగం సంగతి వేరు. యూరప్ నియమం ఈసీఈ ఆర్43 ప్రకారం ఆ భాగంలో చూపు వంకర 2 కోణీయ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) దాటకూడదు, దాని చుట్టూ ఉన్న విశాలమైన భాగంలో 6 వరకూ ఒప్పుకుంటారు. అది ఇంట్లో కొలిచే వ్యవహారం కాదు. తెలుసుకునే పద్ధతి ఇంకోటి ఉంది. మీ అపార్ట్‌మెంట్ కాంపౌండులో గ్రిల్లో టైల్స్ గోడో ఎదురుగా పది మీటర్ల దూరంలో ఉండేలా కారు పెట్టండి. డ్రైవర్ సీట్లో కూర్చుని తలను మెల్లగా కుడికీ ఎడమకీ జరపండి. నిలువు ఊచలు నిలకడగా ఉంటే సరే. ఈదినట్టు కదిలితే, ఎక్కడ కదులుతున్నాయో అక్కడ బయటి నుంచి మాస్కింగ్ టేప్ ముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత ఫోన్ కళ్ళ ఎత్తులో పట్టుకుని రెండు రెట్ల జూమ్‌తో ఫొటో తీయండి. వైడ్ లెన్స్‌తో తీస్తే ఫోనే గీతలను వంచుతుంది, "మీ కెమెరా తప్పు" అనడానికి వాళ్ళకు అవకాశం ఇచ్చినట్టవుతుంది. కిటికీ దించి అద్దం లేకుండా అదే గోడను ఇంకో ఫొటో తీసి పక్కన పెట్టండి.

దీపం రెండుగా కనబడడానికి మాత్రం కొలత ఉంది, ఇంట్లోనే కొలవొచ్చు. అదే ఆర్43 లో డ్రైవర్ ఎదుటి భాగంలో రెండో బొమ్మ 15 కోణీయ నిమిషాలకు మించి జరగకూడదు. 25 మీటర్ల దూరంలో అది సుమారు 11 సెంటీమీటర్లు, అంటే సగం జాన. రాత్రి చీకటి చోట 25 మీటర్లు కొలిచి ఒక చిన్న బల్బు పెట్టండి. దాని పక్కన స్కేలు పట్టుకుని ఎవరినైనా నిలబెట్టండి. నీడ బల్బు సగం జానకు అవతల పడుతుంటే ఇక వాదన అక్కర్లేదు. మీ కారులో అద్దం మీద వేగం అంకెలు చూపించే హెడ్-అప్ డిస్‌ప్లే ఉందా? ఉంటే ఆ అంకెలు కూడా జంటగా కనిపిస్తున్నాయేమో చూడండి. దానికి పైనా కిందా మందం తేడా ఉండే ప్రత్యేకమైన పీవీబీ పొర వేస్తారు. మామూలు అద్దం తెచ్చి బిగిస్తే అంకెలు రెండుగానే కనబడతాయి. అది లోపం కూడా కాదు, వేరే సరుకు ఇచ్చారన్నమాట.

ఈ పరీక్షలన్నిటికీ ముందు అద్దం లోపలి పక్క ఒకసారి శుభ్రంగా తుడవండి. కొత్త కార్లలో డాష్‌బోర్డ్ ప్లాస్టిక్ నుంచి ఆవిరి లేచి జిడ్డుపొర పడుతుంది, దీపాల చుట్టూ మసక దాని వల్ల కూడా వస్తుంది. పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు పెట్టుకుంటే వెనక అద్దంలో, పక్క అద్దాల్లో మచ్చలు కనబడతాయని కూడా చాలామంది ఫిర్యాదు చేస్తుంటారు. అది టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) అద్దం స్వభావం. దాని జోలికి పోకండి.

నీళ్ళ విషయం. కార్పెట్ తడిసిందంటే అద్దమే కారుతోందని తీర్మానించకండి. చెన్నైలో ఎడమ సీటు కింద నీళ్ళకు ఏసీ డ్రెయిన్ గొట్టం మూసుకుపోవడమే చాలాసార్లు కారణం. ఎండాకాలంలో కూడా తడుస్తుంటే అదే. సన్‌రూఫ్ ఉంటే దాని గొట్టాలూ చూడాలి. వానకు మాత్రమే తడుస్తుంటే పైపుతో పరీక్షించండి: ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఒకరు బయట ప్రెజర్ లేకుండా నీళ్ళు ముందు కింది అంచున, తర్వాత పక్కలకు, చివర పైన పోయాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్నిచోట్లా ఒకేసారి పారి ఎక్కడ కారుతోందో తెలియదు. తడి కనబడిన చోటు వీడియో తీయండి.

ఇప్పుడు నా అనుమానం చెప్తాను. మూడు బాధలూ ఒకే అద్దానికి వచ్చాయంటే, నేనైతే ముందు వంపును చూస్తాను. ఫ్యాక్టరీలో సాధారణంగా రెండు అద్దాలనూ జతగా కొలిమిలో వంచుతారు. తర్వాత తేమ అదుపులో ఉండే గదిలో మధ్యన పీవీబీ పరిచి, గాలి లాగేసి, సుమారు 140 డిగ్రీల వేడిలో పెద్ద ఒత్తిడితో ఆటోక్లేవ్ అనే మూసిన పాత్రలో అతికిస్తారు. వంపు సరిగ్గా ఉందో లేదో బాడీ ఆకారపు చట్రం మీద పెట్టి చూస్తారు. ఆ పరీక్షలో అటూ ఇటుగా ఉన్న అద్దం బయటికి వచ్చిందనుకోండి. బిగించేవాడు నాలుగు మూలలూ ఆనకపోతే చేత్తో అదిమి, గమ్ ఆరేదాకా టేపు వేస్తాడు. అద్దం మాత్రం తిరిగి పైకి లేవాలనే చూస్తుంటుంది. లేచిన మూల గమ్ పల్చబడి నీళ్ళు వస్తాయి, అదిమిన మూల ఒత్తిడి నిలిచి ఒకరోజు పగులుతుంది. వంపు తేడా ఉన్నచోట దీపాలు రెండవుతాయి. ఇది పరీక్షించడం సులువే: అద్దం అంచుకూ బాడీకీ మధ్య సందు, అద్దం బాడీకన్నా ఎంత ఎత్తున ఉందన్నదీ నాలుగు మూలలా స్కేలుతో కొలిచి రాసుకోండి. కుడి ఎడమల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలే. ఒక మూల కళ్ళకు కనబడేంత లేచి ఉంటే నా అనుమానం నిజమని లెక్క. కారు ఇంతకు ముందు గుద్దుకుని పిల్లర్ (అద్దం పక్కన పైకప్పును మోసే స్తంభం) సరిచేసిన బండి అయితే మాత్రం తప్పు బాడీలో ఉండొచ్చు. మీది కొత్త కారు కాబట్టి ఆ గోల లేదు.

అద్దం మూలన ఉండే ముద్రను కూడా ఫొటో తీయండి. తయారీదారు పేరు, అద్దాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2553 గుర్తు, దాని దగ్గర సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, అమల్లో ఉందో లేదో వస్తుంది. బిల్లులో "ఒరిజినల్" అని డబ్బు తీసుకుని, ముద్రలో కార్ల కంపెనీ గుర్తు లేకపోతే అది ఇంకో ఫిర్యాదు. బయటి మార్కెట్ అద్దాలన్నీ చెడ్డవని నేను అనను, మంచివి చాలా ఉన్నాయి. ఒకదాని ధర తీసుకుని ఇంకొకటి వేయడమే తప్పు. చెన్నైలో పాత బండ్ల విడిభాగాల బజారు పుదుప్పేటలో వేరే కారు నుంచి తీసిన అద్దం దొరుకుతుందని ఎవరో మీకు సలహా ఇచ్చారు. డోరు అద్దం అక్కడ కొనుక్కోండి, బ్రహ్మాండంగా పనికొస్తుంది. ముందు అద్దం వద్దు. వైరుతో కోసి తీసిన అంచు ఎప్పుడు పగులుతుందో దానికే తెలియదు.

కాగితాల పని. ముందు వర్క్‌షాపుకు మెయిల్ రాయండి, వాట్సాప్ మాటలు చాలవు. బిగించిన తేదీ, బిల్లు నంబరు, మూడు బాధలు, ఫొటోలు, కొలతలు పెట్టి రెండు అడగండి: పగులు మొదలును మీ ఎదుట పరీక్షించాలి, మార్చినా ఈ పగిలిన అద్దాన్ని గొడవ తేలేదాకా పారేయకుండా ఉంచాలి. కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కు కాపీ పెట్టండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చాలా తగాదాలు అక్కడే తేలతాయి, ఎందుకంటే పెద్ద కంపెనీలు ఆ ఫిర్యాదులకు జవాబివ్వడానికి మనుషుల్ని పెట్టుకుంటాయి. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు, కారు నెల్లూరులో కొన్నా చెన్నైలో వేయడానికి అడ్డు లేదు. గడువు రెండేళ్ళు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు. వస్తువును ల్యాబుకు పంపి పరీక్షించమనే అధికారం కమిషన్‌కు ఉంది. పంపడానికి వస్తువంటూ మిగిలి ఉండాలి కదా, అందుకే మొదట ఆ మాట అన్నాను.

ఇన్సూరెన్సు లెక్క కూడా తెలుసుకోండి. అద్దానికి తరుగుదల కోయరు. రబ్బరు, ప్లాస్టిక్ బీడింగులకు మాత్రం జీరో డెప్ (తరుగుదల కోయని అదనపు కవర్) లేకపోతే 50 శాతం మీ మీద పడుతుంది. ప్రతి క్లెయిముకూ తప్పనిసరి కోత ఉంటుంది: 1500 సీసీ వరకూ 1000 రూపాయలు, ఆపైన 2000. ఈ పాలసీ ఏడాదిలో మొదటి క్లెయిముతో నో క్లెయిమ్ బోనస్ ఎలాగూ పోయింది కాబట్టి "ఇంకోటి వేస్తే నష్టమేంటి" అంటారు. జీరో డెప్ పాలసీల్లో ఏడాదికి ఇన్ని క్లెయిములే అని పరిమితి ఉండడం మామూలు. అద్దం లోపానికి దాన్ని ఖర్చు చేసేసి, రేపు పండక్కి ఊరెళ్తూ బంపర్ పగలగొట్టుకుంటే జేబులోంచి పెట్టుకోవాలి. పైగా తయారీ లోపం ఇన్సూరెన్సు పరిధిలోకి రాదు. నిజంగా రాయి గుంట కనబడితే మాత్రం మొహమాటం లేకుండా క్లెయిమ్ వేయండి, వర్క్‌షాపు మీద వంకర చూపు, నీళ్ళ గొడవ విడిగా నడపండి.

అద్దం మార్చడం ఖాయమైతే, ఈసారి బిగించేటప్పుడు దగ్గర ఉండండి. బిగించే ముందే కొత్త అద్దాన్ని నిలబెట్టించి దాని గుండా గ్రిల్ చూడండి, అంచుల చుట్టూ వేలు పోనిచ్చి పెచ్చులున్నాయేమో తడమండి, ఇక్కడ తిరస్కరించడానికి అయ్యే ఖర్చు సున్నా. గమ్ పాలీయూరేథేన్ అయి ఉండాలి, ప్యాకెట్ మీద గడువు తేదీ చూపించమనండి. సిలికాన్ గొట్టం బయటికి తీస్తే బండి వెనక్కి తీసుకొచ్చేయండి. రబ్బరు బీడింగులో కూర్చునే మారుతి 800 అద్దం కాదిది, గుద్దుకున్నప్పుడు ఎడమ ఎయిర్‌బ్యాగ్ ఆనుకునేది దీని మీదే. పాత గమ్ కోసేటప్పుడు బాడీ పెయింట్ గీసుకుంటే అక్కడ ప్రైమర్ వేయాలి, లేకపోతే తుప్పు పట్టి రెండో వానకాలానికి మళ్ళీ కారుతుంది. ఆ గమ్ గాలిలో తేమతో గట్టిపడుతుంది కాబట్టి చెన్నై దానికి అనుకూలమైన ఊరే. కానీ అతికించేటప్పుడు బాడీ మీద నీటి చుక్క ఉండకూడదు. అక్టోబరు ముసురులో రోడ్డు పక్కన టార్పాలిన్ కింద బిగిస్తామంటే ఒప్పుకోకండి. ఎన్ని గంటల తర్వాత బండి కదపొచ్చో గమ్ తయారీదారు రాసి ఉంటాడు, మెకానిక్ మాట కాదు, ఆ కాగితం చూడండి. మొదటి రోజు కిటికీ కొద్దిగా దించి ఉంచండి. అన్నీ మూసి డోరు గట్టిగా వేస్తే లోపలి గాలి అద్దాన్ని బయటికి తోస్తుంది. అద్దం వెనక లేన్ కెమెరా (రోడ్డు గీతలు చూసే కెమెరా) ఉంటే క్యాలిబ్రేషన్, అంటే దాని చూపును మళ్ళీ సరిచేయడం, చేయాలి. హెచ్చరిక దీపం వెలగకపోయినా చేయాలి, ఎస్టిమేట్‌లో ముందే రాయించండి.

ఇక్కడ ఇంకొకరు చిన్న పెచ్చుకు ఫెవిక్విక్ పోయొచ్చా అని అడిగారు. వద్దు. రూపాయి బిళ్ళంత మచ్చ అయి, అంచుకు దూరంగా, డ్రైవర్ కళ్ళ ఎదుట కాకుండా ఉంటే రెజిన్ (పారదర్శక జిగురు ద్రవం) ఎక్కించి యూవీ దీపంతో గట్టిపరుస్తారు, బాగానే నిలుస్తుంది. ఫెవిక్విక్ పోసిన గుంటలోకి రెజిన్ దిగదు. షాపుకు వెళ్ళేదాకా పారదర్శక టేపు అంటించి దుమ్మూ నీళ్ళూ పోకుండా చూడండి, అంతే. వైపర్ గీతలకు మాత్రం మందు లేదు. గోరు తట్టుకునేంత గీతను పాలిష్ పట్టిస్తే అద్దం అక్కడ పల్చబడి మళ్ళీ చూపే వంగుతుంది. బోరు నీళ్ళతో కడిగి ఎండలో ఆరనిచ్చిన అద్దం మీద పొడి వైపర్ తిప్పడం మానితే సగం గీతలు పడవు.

సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవాళ్ళు అద్దం అంచుల్లో తెల్లటి మసకో బుడగలో ఉన్నాయేమో చూడండి. పొరలు విడిపోతున్న గుర్తు అది. తేమ ఎక్కువకాలం అంచులో నిలిచినా వస్తుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు వేళచ్చేరి, పళ్ళికరణై మునిగినప్పుడు నీళ్ళలో నానిన బండ్లు ఎన్నో తర్వాత చేతులు మారాయి. అందుకే ఇప్పుడు వాన హెచ్చరిక వస్తే చాలు, వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు బారులు తీరుతున్నాయి. ఆ మసకకు రిపేరు లేదు, ధర తగ్గించుకోవడమే.

ప్రసాద్ గారూ, రేపు వెలుతురులో గోరు పరీక్ష చేసి పగులు లోపలి పొరదో బయటిదో, కవర్ కింద పెచ్చు ఉందో లేదో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి మెయిల్‌లో ఏం రాయాలో చెప్తాను. ఇంకోటి, అద్దం మారిస్తే ఫాస్టాగ్ కూడా పోతుంది. పీకితే లోపలి యాంటెన్నా తెగిపోయేలా తయారు చేస్తారు దాన్ని. చేత్తో పట్టుకుని చూపించే ట్యాగులను 2025 నుంచి బ్లాక్‌లిస్టులో పెడుతున్నారు కూడా. బిగించే రోజుకు ముందే బ్యాంకుకు చెప్పి కొత్తది తెప్పించుకోండి, లేకపోతే నెల్లూరు వెళ్ళేటప్పుడు సూళ్లూరుపేట టోల్‌లో ఎక్కువ కట్టాలి.